ఇన్నోవా వెనక డ్రమ్ము బ్రేకు: షూ మీద స్ప్రింగు కప్పు తియ్యడానికి అసలు టూలు ఏంటి?

నరసరావుపేట_ఇన్నోవా:
అందరికీ నమస్తే. మాది 2011 ఇన్నోవా, డీజిలు. వెనక లైనర్లు (బ్రేకు షూల మీద ఉండే, అరిగిపోయే పొర) అయిపోవచ్చాయి, నాన్నగారు తరచూ శ్రీశైలం ఘాట్ ఎక్కుతారు కాబట్టి బ్రేకుల దగ్గర నేను అస్సలు రాజీపడను. షెడ్డులో ఇస్తే సాయంత్రానికల్లా చేసి పంపేస్తారు గానీ లోపల గ్రీజు పెట్టారా, స్ప్రింగులు సరిగ్గా కూర్చున్నాయా అనేది మనకి కనపడదు కదా, అందుకే ఈసారి నేనే ఇంటి దగ్గర నిదానంగా చేద్దామని మొదలుపెట్టాను.

డ్రమ్ము ఊడటం కష్టమేం కాలేదు. ముందు చక్రాలకి అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించేసి, యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టి, డ్రమ్ము మొహం మీద ఉన్న రెండు మర బొక్కల్లో 8 ఎంఎం బోల్టులు అటొక చుట్టు ఇటొక చుట్టు బిగించుకుంటూ పోతే అదే బయటికొచ్చేసింది. ఆగిపోయింది ఎక్కడంటే షూని, అంటే డ్రమ్ముకి లోపలనించి ఒత్తుకుని చక్రాన్ని ఆపే వంపు ముక్కని, వెనకున్న ప్లేటుకి నొక్కిపట్టి ఉంచే స్ప్రింగు దగ్గర. వెనకనించి ఒక సన్న పిన్ను వస్తుంది, దాని మీద కప్పు, స్ప్రింగు, మళ్ళీ కప్పు. నోస్ ప్లేయర్‌తో కప్పు అంచులు పట్టుకుని నొక్కి తిప్పబోతే సగం దాకా వచ్చి జారిపోతోంది, స్ప్రింగు ఎగిరి గోడకి కొట్టుకుంటోంది, కప్పు అంచు కూడా వంకర పడుతోంది. ఇక్కడ స్పేర్స్ షాపులో అడిగితే సర్‌క్లిప్ ప్లేయర్ చేతిలో పెట్టారు, అది దీనికి కాదని చూడగానే తెలుస్తోంది.

దీనికంటూ విడిగా టూలు ఉంటుందా, ఉంటే షాపులో ఏమని అడగాలి, కొనేముందు ఏం చూసుకోవాలి? స్ప్రింగులు లాగే ప్లేయర్ కూడా విడిగా కొనాలా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

బెజవాడ_ఆటోనగర్:
తమ్ముడూ, ఉంది, కచ్చితంగా ఉంది. షాపులో "బ్రేక్ షూ హోల్డ్ డౌన్ స్ప్రింగ్ టూల్" అని అడుగు. టయోటా వాళ్ళ మాన్యువల్‌లోనే ఆ స్ప్రింగు తీసేచోట మామూలు ప్లేయర్ వాడమని ఉండదు, స్పెషల్ టూలు వాడమనే ఉంటుంది, నంబరు 09718-00010. కంపెనీదే కొనక్కర్లేదు, బయట దొరికేది చాలు, కానీ పని చేసే పద్ధతి అదే.

చూడ్డానికి స్క్రూడ్రైవర్ లాగే పిడి, పొట్టి కడ్డీ, చివర బోలుగా ఉన్న గుండ్రటి మూతి. ఆ మూతి లోపల అంచు చుట్టూ గాట్లు ఉంటాయి, ఆ గాట్లు కప్పు అంచుని చుట్టూతా పట్టుకుంటాయి. నీ ప్లేయర్ పట్టేది రెండంటే రెండు చోట్ల, ఒక్కవైపు కాస్త ఎక్కువ బలం పడగానే కప్పు ఒరిగిపోతుంది, ఒరిగితే జారుతుంది, నీకు జరుగుతోంది అదే. మూతి మధ్యలో బోలుగా ఎందుకంటే కప్పుని లోపలికి నొక్కినప్పుడు పిన్ను తల బయటికి రావాలి, దానికి చోటు కావాలి.

ఇప్పుడు ఆ పిన్ను చివర దగ్గరగా చూడు. గుండ్రంగా ఉండదు, సుత్తితో కొట్టి చదును చేసినట్టు అడ్డంగా రెండు చెవులు ఉంటాయి. కప్పుకి మధ్యలో సన్నటి చీలిక, ఆ చీలికకి అడ్డంగా చిన్న గాడి. చెవులు గాడిలో కూర్చుని ఉన్నంతసేపు స్ప్రింగు కప్పుని బయటికి నెడుతూనే ఉంటుంది కాబట్టి అది ఊడదు. నువ్వు చెయ్యాల్సిందల్లా ఎడమచేతి వేలితో ప్లేటు వెనక పిన్ను తలని కదలకుండా నొక్కిపట్టుకోవడం, కుడిచేత్తో టూలు కప్పు మీద నిటారుగా పెట్టి స్ప్రింగుని లోపలికి నొక్కి పావు చుట్టు తిప్పడం. చెవులు చీలికకి ఎదురుగా వచ్చిన క్షణంలో చేతికే తెలుస్తుంది, మెల్లగా వదులు, కప్పూ స్ప్రింగూ టూలుతో పాటే బయటికొస్తాయి. చాలామంది వెనక వేలు పెట్టడం మర్చిపోతారు, అప్పుడు పిన్ను కూడా కప్పుతో పాటే తిరుగుతుంది, ఎంతసేపు తిప్పినా ఊడదు. అది టూలు తప్పు కాదు.

కళ్ళద్దాలు లేకుండా ఈ పని చెయ్యకు. ఎగిరిన స్ప్రింగు గోడకే తగలాలని లేదు.

కొనేముందు నీ కప్పు బయటి అడ్డం కొలిచి రాసిపెట్టుకో. ఒకే పిడికి రెండువైపులా రెండు సైజుల మూతులున్నవి కూడా దొరుకుతాయి, అవే తీసుకో. ఇంకోటి, అన్ని బండ్లకీ కప్పు, స్ప్రింగు ఉండవు. కొన్ని బండ్లలో వాటి బదులు మడిచిన రేకు పట్టీ క్లిప్పు ఉంటుంది, దానికి ఈ టూలు పనికిరాదు, క్లిప్పుని వేళ్ళతో నొక్కిపెట్టి పిన్నుని ప్లేయర్‌తో తిప్పాలి. నీది కప్పు రకమే కాబట్టి నిశ్చింతగా కొను.

సికింద్రాబాద్_టూల్స్ పిచ్చి:
అన్న చెప్పింది కరెక్టే. హైద్రాబాద్ దిక్కు వచ్చే పనుంటే రాణిగంజ్‌ల టూల్స్ షాపులల్ల అడుగు, ఒక దాంట్ల లేకున్నా పక్క దాంట్ల దొర్కుతది, ఆన్‌లైన్‌ల గూడ ఉంటయి. కానీ చేతిల పట్టుకొని చూసి తీస్కుంటెనే మంచిది, ఎందుకంటె సస్తావాట్ల గా మూతి లోపలి గాట్లు లోతుగుండయి, పై పైన గీసినట్టుంటయి, రెండు బండ్లు చేసేసరికే అరిగి జారుతది. వేలు పెట్టి చూడు, గాటు అంచు పదునుగ తగలాలె. పిడి గూడ లావుగుండాలె, సన్న పిడి అయితె నొక్కి తిప్పేటప్పుడు అరచెయ్యి నొస్తది. మూతికి, కడ్డీకి మధ్యల అతుకు ఉంటె అది ఊగుతుందా చూడు, ఊగితె తీస్కోకు.

టూలు వచ్చేదాక ఆగలేనంటె ఒక ఉపాయముంది. కప్పు అంచు మీద సరిగ్గ కూసునే పాత బాక్సు పానా సాకెట్ తీస్కొని, దాని మూతికి ఎదురెదురుగ రెండు గాట్లు గ్రైండర్‌తోని కొయ్యి, ఎక్స్‌టెన్షన్ కడ్డీకి తగిలియ్యి. పని నడుస్తది. మా దగ్గర లారీలోళ్ళు ఇట్లనే చేసుకుంటరు. కానీ నాకైతె అది నచ్చదు, రెండే గాట్లంటె మళ్ళ ప్లేయర్ కథనే కద, అసలు టూలే కొనమంట నేను. నీ ఇంట్ల డ్రమ్ము బండి ఉన్నన్ని రోజులు అది అక్కరకొస్తనే ఉంటది, పాత ఫార్చూనర్‌ల గూడ వెనక డ్రమ్ములే, ఇన్నోవా, ఫార్చూనర్, హైలక్స్ మూడు ఒక్క కుటుంబం బండ్లే.

టెక్సాస్_తెలుగోడు:
స్ప్రింగులు లాగే ప్లేయర్ గురించి అడిగారు కదా, అది మీ బండిలో లోపల అమరిక ఎలా ఉందనేదాన్ని బట్టి ఉంటుంది. నా దగ్గర 1985 షెవీ సి10 పికప్ ఉంది, దాని వెనక డ్రమ్ముల్లో రెండు షూలూ పైన ఒకే లావాటి యాంకర్ పిన్నుకి ఆనుకుంటాయి, ఒక్కో షూని ఒక్కో బలమైన స్ప్రింగు ఆ పిన్నుకి లాగిపెట్టి ఉంచుతుంది. ముందు షూకి లైనరు పొట్టిగా ఉంటుంది, వెనక షూకి పొడుగ్గా ఉంటుంది, అవి తారుమారు చేస్తే బ్రేకు సరిగ్గా పట్టదు. కింద షూల మధ్య దూరం సరిచేసే పళ్ళ చక్రం ఉంటుంది. ఆ స్ప్రింగుల కొక్కేన్ని పిన్ను మీంచి స్క్రూడ్రైవర్‌తో ఊడదీసి మళ్ళీ ఎక్కించడం నిజంగా ప్రమాదం, అందుకని దానికి ఇంకో టూలు ఉంటుంది. ఒక చివర మూతి పిన్ను మీద కూర్చుంటుంది, పక్కకి పొడుచుకొచ్చిన చిన్న పెదవి లాంటిది ఉంటుంది, తిప్పగానే అది కొక్కేన్ని ఎత్తేస్తుంది. రెండో చివర వాలుగా ఉండి చిన్న గాడి ఉంటుంది, కొక్కెం దానికి తగిలించి, కొనని పిన్ను మీద ఆనించి పైకి ఎత్తితే స్ప్రింగు జారుతూ వెళ్ళి పిన్ను మీద పడుతుంది. అమెరికా పాత బండ్లకి అది లేకుండా దిగొద్దు.

మీ ఇన్నోవాలో అలాంటి యాంకర్ పిన్ను ఉండదు. షూల కింది కొనలు బిగించి ఉన్న దిమ్మకి ఆనుకుని ఉంటాయి, పై కొనలు వీల్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే షూలని బయటికి నెట్టేది), స్ప్రింగులు ఒక షూ నించి ఇంకో షూకి. కాబట్టి మీకు ముందు కావాల్సింది ఆటోనగర్ అన్న చెప్పిన టూలే.

నరసరావుపేట_ఇన్నోవా:
చాలా థ్యాంక్స్ అందరికీ, ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు నాకు. టూలు తెప్పించాను, రెండు సైజుల మూతులున్నదే. వెనక వేలు పెట్టి నొక్కి తిప్పగానే కప్పు వచ్చేసింది, పిడి మీద పెద్ద బలం కూడా పెట్టక్కర్లేకపోయింది, నిన్నటిదాకా దీంతో కుస్తీ పట్టింది ఇందుకేనా అనిపించింది. ముందు షూ ఇప్పుడు వదులుగా ఉంది. ఇక్కడినించి పై స్ప్రింగు ఎలా తియ్యాలి, వెనక షూకి హ్యాండ్ బ్రేకు మీట తగిలించి ఉంది, అది ఎలా విడుస్తారు? బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

బెజవాడ_ఆటోనగర్:
మొదట ఒక మాట. రెండు వైపులా ఒకేసారి విప్పొద్దు. ఒకటి పూర్తిగా బిగించాకే రెండోది, ఎందుకంటే ఏ స్ప్రింగు ఏ బొక్కలో పడిందో చూసుకోవడానికి రెండోవైపు నీకు నమూనా. ఫోన్‌తో ఫోటోలు కూడా తీసిపెట్టుకో. షూలని డ్రమ్ముకి దగ్గరగా జరిపే మర కడ్డీ, అంటే అడ్జస్టరు, ఎడమవైపుదీ కుడివైపుదీ ఒకటి కాదు, మరలు ఎదురెదురు. కలిసిపోతే బ్రేకు వాడేకొద్దీ పొడుగు కావాల్సింది పొట్టి అవుతుంది.

ముందు షూ కప్పు వచ్చేసింది కదా, ఆ షూ కింది కొనని దిమ్మ మీంచి బయటికి లాగు, లాగగానే కింది స్ప్రింగు వదులవుతుంది, అది విప్పేసి షూని ముందుకి వాల్చి తిప్పితే పై స్ప్రింగులో బిగువు తగ్గిపోతుంది, చేత్తోనే వస్తుంది. ఇలా చేసేటప్పుడు షూ కొన వీల్ సిలిండర్ రబ్బరు బూటుకి గీసుకోకుండా చూడు, పిస్టన్లు బయటికి రాకుండా సిలిండర్ చుట్టూ ఒక రబ్బరు బ్యాండు వెయ్యి, ఆ టైములో పెడల్ ఎవరూ తొక్కకూడదు. బూటు అంచు కొంచెం ఎత్తి చూడు, లోపల తడిగా ఉంటే సిలిండర్ కారుతున్నట్టే, లైనర్లు మార్చి లాభం లేదు, ముందు దాన్ని మార్చు.

వెనక షూ కప్పు కూడా అదే టూలుతో తీసి, షూని చేతిలోకి తీసుకుని హ్యాండ్ బ్రేకు కేబులు మీట మీంచి విప్పు. మీటని షూకి పట్టి ఉంచేది సి ఆకారంలో ఉండే వాషరు, దాన్ని స్క్రూడ్రైవర్ మొనతో విప్పు. పాతది మళ్ళీ వాడొద్దు, కొత్తది వేసి ప్లేయర్‌తో కొనలు దగ్గరికి నొక్కు, నొక్కాక మీట స్వేచ్ఛగా ఊగాలి.

దుమ్ముని గాలితో ఊదొద్దు, చీపురు కూడా వద్దు. పాత లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. బ్రేక్ క్లీనర్ కొట్టి తడిగుడ్డతో తుడువు, మాస్కు పెట్టుకో, ఆ గుడ్డ పారెయ్యి. డ్రమ్ము మీద గరిష్ఠ అడ్డం అంకె పోతపోసి ఉంటుంది, లేత్ దగ్గర లోపల కొలిపించు, అది దాటితే డ్రమ్ము మార్చాల్సిందే. లైనరు ఎక్కడైనా 1 ఎంఎం దాకా వచ్చిందంటే అది అయిపోయినట్టే.

గ్రీజు విషయం. ప్లేటు మీద షూ అంచులు రాసుకునే చోట చిన్న ఎత్తులుంటాయి, అక్కడ మెరిసిపోతూ కనిపిస్తాయి, వాటికి మాత్రమే వేడికి తట్టుకునే బ్రేకు గ్రీజు పల్చగా పుయ్యి. కింది దిమ్మకి, అడ్జస్టరు మరకి కూడా కొంచెం. మామూలు చక్రాల గ్రీజు పెడితే వేడికి కరిగి లైనరు మీదకి వస్తుంది. లైనరుకి వేలి ముద్ర గ్రీజు కూడా అంటకూడదు.

స్ప్లెండర్_జంపాల:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, బైకు వెనక బ్రేకుకి కూడా ఈ టూలు కావాలా?

బెజవాడ_ఆటోనగర్:
అక్కర్లేదు. బైకు షూలకి ఆ పిన్నూ కప్పూ ఉండవు, రెండు స్ప్రింగులే పట్టి ఉంచుతాయి. రెండు షూలనీ బయటి అంచులు పట్టుకుని పుస్తకం మూసినట్టు మధ్యకి మడిస్తే మొత్తం ఒకేసారి ఊడి వస్తుంది, ఎక్కించేటప్పుడూ అలాగే. షూలని తెరిచే కామ్‌కి కొంచెం గ్రీజు పెట్టు, అంతే.

ఇన్నోవా తమ్ముడూ, బిగించాక కప్పు సరిగ్గా పడిందా లేదా చూడాలంటే పిన్ను చెవులు గాడికి సమాంతరంగా, గాడిలోకి దిగి ఉండాలి. అడ్డంగా గట్టు మీద కూర్చుని ఉంటే గతుకుల్లో తిరిగి ఊడిపోతుంది. టూలుతో ఇంకోసారి నొక్కి సరిచెయ్యి.

నరసరావుపేట_ఇన్నోవా:
అలాగే అన్నా, ఎడమవైపు ఎక్కించేశాను, చెవులు గాడిలోనే ఉన్నాయి. డ్రమ్ము పెడితే వదులుగా తిరుగుతోంది, అడ్జస్టు ఎంత చెయ్యాలి?

బెజవాడ_ఆటోనగర్:
డ్రమ్ము పెట్టి రెండు వీల్ నట్లతో తాత్కాలికంగా బిగించు. ప్లేటు వెనక రబ్బరు మూత తీస్తే బొక్కలో అడ్జస్టరు పళ్ళు కనపడతాయి. స్క్రూడ్రైవర్‌తో పళ్ళు తిప్పుతూ డ్రమ్ము చేత్తో తిరగనంత దాకా పెంచు, ఆ తర్వాత 8 పళ్ళు వెనక్కి. వెనక్కి తిప్పేటప్పుడు ఆటోమేటిక్ అడ్జస్టరు నాలుక అడ్డం వస్తుంది, దాన్ని ఇంకో సన్న స్క్రూడ్రైవర్‌తో ఎత్తిపట్టాలి, లేకపోతే పళ్ళు చెక్కుకుపోతాయి. డ్రమ్ము రాసుకోకుండా తిరగాలి. రబ్బరు మూత మళ్ళీ పెట్టడం మర్చిపోకు, వానాకాలం నీళ్ళు, మట్టి లోపలికి పోతాయి.

రెండోవైపూ అయ్యాక ఇంజను స్టార్ట్ చెయ్యకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కు, తర్వాతే హ్యాండ్ బ్రేకు కేబులు చూసుకో. ముందు కేబులు బిగించి తర్వాత షూలు సరిచేస్తే రెండూ తప్పుతాయి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి చూసి, బండి పక్కకి లాగట్లేదని, వెనక డ్రమ్ములు రెండూ ఒకేలా వేడెక్కుతున్నాయని చూసుకున్నాకే నాన్నగారికి ఘాట్ మీదకి ఇవ్వు.