అప్‌డేట్: 5-5 పడితే దాడి చేయాలా, ప్రైమ్ కట్టాలా?

పాచికలతో ఆడే బోర్డు ఆట బ్యాక్‌గామన్‌లో ప్రత్యర్థి 4-1తో ఆట మొదలుపెట్టి, నా ఇంట్లో (నా కాయలు చివరికి చేరే 1-6 పాయింట్ల, అంటే గళ్ల, భాగం) ఒకటో పాయింట్ మీద జంటగా ఉన్న కాయల్లో ఒకదాన్ని రెండో పాయింట్‌కు జరిపినప్పుడు, నాకు పడిన 5-5ను (అంటే నాలుగు ఐదు గళ్ల కదలికలను) దాడికి వాడాలా, లేక పదమూడో పాయింట్ నుంచి రెండు కాయలను మూడుకు దింపి ప్రైమ్‌కు (ప్రత్యర్థి దారిని అడ్డుకునే వరుస పాయింట్ల గోడకు) పునాది వేసుకోవాలా అని ఇంతకు ముందు అడిగాను. దాడే సరైనదని సమాధానాలు వచ్చాయి. జీఎన్‌యూ బ్యాక్‌గామన్ అనే విశ్లేషణ ప్రోగ్రామ్‌తో పరిశీలిస్తే అదీ దాడినే పైన నిలిపింది.

ఎనిమిది నుంచి రెండు కాయలను మూడుకు, ఆరు నుంచి రెండింటిని ఒకటికి తెచ్చి అక్కడి ఒంటి కాయను కొడితే, నా ఇంట్లో 6, 3, 1 పాయింట్లు మూసుకుంటాయి. బార్ (దెబ్బతిన్న కాయను ఉంచే మధ్య పట్టీ) మీది కాయ లోపలికి రాలేకపోయే అవకాశం 36కు 9. రెండో పాయింట్ మీద మిగిలినదీ ఒంటరి కాయే కాబట్టి, ప్రత్యర్థికి యాంకర్ (నా ఇంట్లో రెండు కాయలతో పట్టు చిక్కిన పాయింట్) దొరికేలోపు దాన్నీ కొట్టవచ్చు. దీనికి చెల్లించే మూల్యం మాత్రం తక్కువేమీ కాదు: ఒకటో పాయింట్‌కు దిగిన ఆ రెండు కాయలు ఇక ప్రైమ్‌కు పెద్దగా పనికిరావు.

ప్రత్యర్థి జంట కదలకుండా ఒకటో పాయింట్ మీదే ఉంటే కొట్టడానికి ఒంటి కాయే దొరకదు. అప్పుడు పదమూడు నుంచి రెండు కాయలను దింపడమే మేలు, ఆ తర్వాత 3 నుంచి 7 వరకు వరుసగా ఐదు పాయింట్లు కట్టడమే నా లక్ష్యం. ఆ గోడ అంచైన రెండో పాయింట్‌కు చేరిన కాయ కూడా దాటాలంటే 6 పడాలి, అంటే 36కు 11 అవకాశాలే. దాడి మధ్యలో ప్రత్యర్థి ఐదో పాయింట్ మీద యాంకర్ కట్టుకుంటే ఇకపై నేను వెంటనే దాడి ఆపి, వెనుక ఉన్న నా రెండు కాయలను బయటికి నడిపిస్తాను.