‘టెంప్లేట్’ అన్నచోటల్లా ‘మూస’ పెట్టవచ్చా?

ప్రశ్న – సత్యనారాయణపురం, విజయవాడ
నమస్కారమండీ. ఒక పోర్టల్‌లో గ్రంథాలయ విభాగం ప్లోన్ మీద, వార్తలు వర్డ్‌ప్రెస్ మీద, సభ్యత్వాలు జూమ్లా మీద నడుస్తున్నాయి (మూడూ వెబ్‌సైట్‌లోని విషయాన్ని నిర్వహించే వ్యవస్థలు). మూడింటికీ ఒకే థీమ్, అంటే ఒకే రూపం, తొడగాలి, దాని వాడుక పుస్తకం తెలుగులో ఉండాలి. పదపట్టిక ఇలా వేశాను: థీమ్ = ఆహార్యం, టెంప్లేట్ = మూస, చైల్డ్ థీమ్ (వేరే థీమ్ మీద ఆధారపడి కొన్ని మార్పులే చేసేది) = పిల్ల థీమ్. తెలుగు వికీపీడియాలో మూస స్థిరపడిన మాటే కదా, మూడు చోట్లా అదే ఉంచవచ్చా?

బ్రాడీపేట, గుంటూరు
ఉంచకండి. ఆ ఇంగ్లీషు మాట ఒకటే గానీ వస్తువులు వేరు. జూమ్లాలో టెంప్లేట్ అంటే మొత్తం థీమే. రంగులు, పేజీ అమరిక, మాడ్యూళ్లు (పేజీలోని విడిభాగాలు) కూర్చునే స్థానాలు అన్నీ అందులోనే. పోలికకు ద్రూపల్ అనే మరో వ్యవస్థ చూడండి. ద్రూపల్‌లో టెంప్లేట్ అంటే ఒక్క ట్విగ్ ఫైలు (పేజీలో ఒక భాగానికి అచ్చు); మూస అన్న మాట దానికి చక్కగా అతుకుతుంది. వర్డ్‌ప్రెస్‌లో చిక్కు ఎక్కువ. మామూలుగా అక్కడా మూస ఫైలే, కానీ పిల్ల థీమ్ స్టైల్ ఫైలు పైభాగంలో ‘టెంప్లేట్’ అనే వరుస ఒకటి ఉంటుంది. అక్కడ రాయాల్సింది తల్లి థీమ్ ఫోల్డరు పేరు. మీ పుస్తకంలో ‘మూస పేరు రాయండి’ అని ఉంటే చదివినవాళ్లు ఏదో ఫైలు పేరు రాస్తారు. అప్పుడు తల్లి థీమ్ దొరకడం లేదంటూ వర్డ్‌ప్రెస్ ఆ థీమ్‌ను పాడైనవాటి జాబితాలోకి నెట్టేస్తుంది. ఆ వరుస కోడ్‌లో భాగం కాబట్టి దాన్ని తెలిగించవద్దు. వివరణలో ‘తల్లి థీమ్ ఫోల్డరు పేరు, అక్షరం పొల్లుపోకుండా’ అనండి.

నా ఓటు: జూమ్లాకు థీమ్, ట్విగ్ ఫైలుకు మూస, ఆ వరుసకు తల్లి థీమ్. పిల్ల థీమ్ బాగుంది. పిల్లకాలువ మన డెల్టాలో రోజూ వినే మాటే. పిల్లలో లేని ఫైలు తల్లి నుంచి వస్తుందన్న అర్థం కూడా అందులో పలుకుతోంది.

ప్రశ్న అడిగినవారు
మరి అనువాద ఫైల్లో ఒకే ఇంగ్లీషు మాటకు రెండు తెలుగు మాటలు ఎలా ఇవ్వాలండీ?

బ్రాడీపేట, గుంటూరు
గెట్‌టెక్స్ట్ ఫైలులో (తెరమీది మాటల అనువాదాలు ఉండే ఫైలు) సందర్భం వరుస ఉంటుంది. వర్డ్‌ప్రెస్, ద్రూపల్ రెండూ సందర్భాన్ని ఒప్పుకుంటాయి. అయితే ఆ సందర్భం మూల కోడ్‌లో ఉండాలి. అనువాదకులు తమ ఫైల్లో మాత్రమే చేర్చితే కోడ్ అడిగే మాటకూ అక్కడున్న మాటకూ జోడీ కుదరక తెరమీద ఇంగ్లీషే మిగులుతుంది. కాబట్టి ముందు కోడ్ రాసేవాళ్లకు విన్నపం పెట్టండి. జూమ్లాలో ఈ బాధ తక్కువ. అక్కడ ప్రతి వాక్యానికీ విడి తాళంపేరు ఉంటుంది, తెలుగు మాట దానికెదురుగా రాస్తాం.

మంగళగిరి
ఆహార్యం గురించి ఒక మాట. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయం నాలుగు విధాలు. కూచిపూడి పుట్టిన సీమలో వేషభూషలకు ఆ మాట కొత్త కాదు. విషయం వాచికం, రూపం ఆహార్యం అన్న విభజన ఈ పనికి సరిగ్గా సరిపోతుంది, నాకెంతో నచ్చింది. పుస్తకం ముందుమాటలో వాడండి. మెనూలో మాత్రం థీమ్ అనే ఉంచండి. ఫోన్ తెరమీద వెతుక్కునేవాళ్ల నోట ఉన్న మాట అదే.

పటమట, విజయవాడ
పదాల దగ్గరే ఆగితే అసలు పని వెనకబడుతుంది. మూడు వ్యవస్థల మధ్య మూస ఫైళ్లు పంచుకోలేం; ఒకదాని మూస మరొకదానికి అర్థం కాదు. పంచుకోగలిగింది పేర్లు, విలువలు. పోర్టల్ పేజీలో కూర్చునే ఒక్కో చిన్న భాగాన్ని పోర్ట్‌లెట్ అంటారు. 2003లో వచ్చిన జేఎస్ఆర్ 168 పోర్ట్‌లెట్ ప్రమాణం చేసింది ఇదే. హెచ్చరికకు, విభాగం శీర్షికకు, ఫారం బటన్‌కు ఉమ్మడి క్లాసు పేర్లు ఇచ్చింది, రంగులు ఏ పోర్టల్‌కు ఆ పోర్టల్ వేసుకునేది. 2008 నాటి జేఎస్ఆర్ 286 కూడా ఆ పేర్లను నిలబెట్టింది.

ఇప్పుడైతే సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే భాష) చలరాశులు, అంటే పేరు పెట్టి దాచుకునే విలువలు, వాడండి. ఒక్క ఫైల్లో రంగులు, ఖాళీలు, అక్షర పరిమాణాలు పెట్టి మూడు చోట్లా ముందుగా లోడ్ చేయండి. ‘ఎరుపు’ అని కాకుండా ‘హెచ్చరిక రంగు’ అని, పనిని బట్టి పేరు పెట్టాలి. ఫాల్‌బ్యాక్‌ను ‘బదులు విలువ’ అనండి, కానీ దాని హద్దు కూడా రాయండి: చలరాశి అసలు లేనప్పుడే బదులు విలువ అందుతుంది. రంగు ఉండాల్సిన చోట 16 పిక్సెళ్లు అని తప్పు విలువ ఉంటే అందదు.

తెనాలి
చలరాశుల పేర్లు తెలుగు లిపిలోనే పెట్టవచ్చా?

పటమట, విజయవాడ
బ్రౌజర్ ఒప్పుకుంటుంది. ఉమ్మడి ఫైల్లో మాత్రం వద్దంటాను. ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు: సంకేత సంఖ్య 0సి48 ఒక్కటే, లేదా 0సి46 తర్వాత 0సి56 (ఇక్కడ ‘సి’ ఇంగ్లీషు అక్షరం). కంటికి రెండూ ఒకటే, సీఎస్ఎస్‌కు వేర్వేరు పేర్లు. ‘పైరంగు’ అని ఇద్దరు రెండు రకాలుగా కొడితే రంగు రాదు, దోషం ఎక్కడుందో కనపడదు.

బ్రాడీపేట, గుంటూరు
ప్లోన్ వైపు థీమ్ తొడిగే పనిముట్టు డయాజో ఉంది కదా, దాని సంగతి కూడా పుస్తకంలో చేర్చండి. థీమ్ మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ. నియమాల ఫైలు విషయాన్ని తెచ్చి అందులో సర్దుతుంది. నియమంలో చెప్పిన చోటు థీమ్ పేజీలో లేకపోతే దోషం చూపించదు, ఆ భాగం చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. ముందు చూడాల్సింది అక్కడే.

తెలుగుకు సంబంధించినది ఇంకొకటి. పేజీ మొదటి ట్యాగులోని భాష గుర్తు థీమ్ పేజీదే మిగులుతుంది. ప్లోన్ ఇచ్చిన ‘తెలుగు’ గుర్తు రావాలంటే ఆ లక్షణాన్ని కాపీ చేసే నియమం విడిగా రాయాలి. అది లేకపోతే తెలుగు భాషకని రాసిన సీఎస్ఎస్ ఏదీ అంటుకోదు. శీర్షికల వరుస ఎత్తు ఇంగ్లీషు లెక్కన 1.2 ఉండిపోయి, ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల కింది వత్తులు తర్వాతి వరుస గుడులకు తగులుతాయి. తెలుగుకు 1.6 దగ్గర మొదలుపెట్టి ఫాంటును బట్టి 1.8 వరకు పెంచి చూడండి. శీర్షికల్లో అక్షరాల మధ్య ఎడం పెంచే వరుస ఉంటే తెలుగుకు సున్నా చేయండి.