కీర్తనలు యుద్ధానికి దారి తీస్తాయా, యుద్ధమే కీర్తనలను ఎత్తుకుపోతుందా?

నిదానం (చర్చను ప్రారంభించినవారు)

1986లో అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు సంఘం కొత్త కీర్తనల పుస్తకాన్ని సిద్ధం చేస్తున్నప్పుడు, ‘ఆన్‌వర్డ్, క్రిస్టియన్ సోల్జర్స్’ అనే పాట మరీ సైనిక ధోరణిలో ఉందని దాన్ని వదిలేయడానికి సంపాదక సంఘం సిద్ధపడింది. విశ్వాసుల నుంచి నిరసన ఉత్తరాలు వెల్లువెత్తడంతో వెనక్కి తగ్గింది. నిజానికి ఆ పాట రణరంగంలో పుట్టలేదు. 1865లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, హార్‌బరీ అనే ఊళ్లో పిల్లల ఊరేగింపు కోసం సబైన్ బేరింగ్-గూల్డ్ అనే యువ మతాచార్యుడు దాన్ని రాశాడు. 1941 ఆగస్టులో ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’ యుద్ధనౌక మీద చర్చిల్, రూజ్‌వెల్ట్ పక్కపక్కన కూర్చున్న ఆరాధనలో వందలాది నావికులు పాడినది కూడా ఆ పాటే.

పిల్లల పాట యుద్ధనౌక ఎక్కడానికి దానిలోని మాటలే కారణమా, లేక యుద్ధం ఏ పాట దొరికినా అలాగే వాడుకుంటుందా? మాటలే కారణమని నా అభిప్రాయం. శత్రువు, జయం, ధ్వజం, కవాతు అనే మాటలను చిన్ననాటి నుంచి భక్తితో పలికినవారికి, అవే మాటలు తరవాత ప్రభుత్వం నోట విన్నప్పుడు పరాయివిగా తోచవు. మీరంతా ఏమంటారు?

ఎదురుగాలి

కీర్తనకు మీరు లేని బలాన్ని అంటగడుతున్నారు. యుద్ధాన్ని నడిపేవి పన్నులు, నిర్బంధ సైన్య నియామకం, ఆయుధ కర్మాగారాలు. పాట వాటికి తొడిగే యూనిఫారం మాత్రమే. అమెరికా అంతర్యుద్ధాన్నే చూడండి. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి విడిపోయిన దక్షిణ రాష్ట్రాలు 1861లో రాసుకున్న రాజ్యాంగ ప్రవేశికలో సర్వశక్తిమంతుడైన దేవుని అనుగ్రహాన్ని కోరాయి. వారు వదిలి వచ్చిన అమెరికా రాజ్యాంగ ప్రవేశికలోనేమో దేవుని ఊసే లేదు. ఉత్తరాది వారు కూడా ఊరుకోలేదు, 1864లో రెండు సెంట్ల నాణెం మీద ‘దేవుణ్ణి నమ్ముకున్నాం’ అనే మాటను ముద్రించారు. ఇరుపక్షాలూ ఒకే బైబిలు చదివి, ఒకే దేవుణ్ణి ప్రార్థించి, ఎదుటివారి మీద ఆయన సాయమే కోరుకుంటున్నాయని 1865 మార్చి 4న లింకన్ తన రెండవ ప్రమాణ స్వీకార ప్రసంగంలో అన్నాడు. రెండు వైపులా పని చేసే కారణం దేనికీ కారణం కాదు.

పాత కాగితాలు

ఎదురుగాలి గారు లింకన్ ప్రసంగంలో తమకు పనికొచ్చే వాక్యం దగ్గరే ఆగిపోయారు. ఆ తరవాత ఆయన చెప్పినది మరింత కఠినమైనది. కొరడా దెబ్బలకు చిందిన ప్రతి రక్తబిందువుకూ కత్తి దెబ్బకు చిందే మరో రక్తబిందువు చెల్లయ్యేంతవరకు ఈ యుద్ధం సాగడం దేవుని చిత్తమైతే, అప్పుడు కూడా "యెహోవా న్యాయవిధులు సత్యమైనవి, అవి కేవలము న్యాయమైనవి" అనే అనాలి అంటూ బైబిలులోని పందొమ్మిదవ కీర్తనను ఎత్తుకున్నాడు. గెలుపు ముంగిట నిలబడిన అధ్యక్షుడు తన పక్షాన్ని కూడా దోషుల వరసలో నిలబెట్టడానికి మతభాషను వాడాడు. దీన్ని యూనిఫారం అనడానికి నాకు మనసొప్పదు.

ఆ యుద్ధానికే చెందిన ‘బ్యాటిల్ హిమ్ ఆఫ్ ద రిపబ్లిక్’ సంగతి కూడా చూద్దాం. 1861 నవంబరులో జూలియా వార్డ్ హోవ్ అనే రచయిత్రి వాషింగ్టన్ పరిసరాల్లోని సైనిక శిబిరాలను చూసి, సైనికులు పాడుకునే ‘జాన్ బ్రౌన్స్ బాడీ’ పాటను విని, విల్లర్డ్ హోటల్లో ఆ బాణీకి కొత్త మాటలు కట్టింది. బాణీ అంతకుముందు ఉజ్జీవ సభల్లో పాడుకునే భక్తిగీతానిది. జాన్ బ్రౌన్ బానిసత్వం మీద తిరగబడి 1859లో ఉరికంబమెక్కినవాడు. అంటే భక్తిగీతం వీరగాథగా మారి, మళ్లీ కీర్తనైంది. హోవ్ అందులో యెషయా గ్రంథం నుంచి, ప్రకటన గ్రంథం నుంచి ద్రాక్షగానుగను త్రొక్కే దేవుని ఉగ్రరూపాన్ని తెచ్చిపెట్టింది. చివరి చరణంలో, మనుషులను పవిత్రులను చేయడానికి క్రీస్తు మరణించినట్టు, మనుషులను స్వతంత్రులను చేయడానికి మనం మరణిద్దాం అంది.

తేదీలు గమనించండి. పాట ‘అట్లాంటిక్ మంత్లీ’లో అచ్చయినది 1862 ఫిబ్రవరిలో. అప్పటికి ప్రభుత్వం ప్రకటించిన లక్ష్యం సమాఖ్యను నిలబెట్టడమే తప్ప బానిస విమోచన కాదు. విమోచన ప్రకటన 1863 జనవరి 1న గాని అమలులోకి రాలేదు. పాటే ఆ ప్రకటనను తెచ్చిందని నేననను. కానీ రాజ్యం పెదవి దాటనివ్వని లక్ష్యాన్ని కీర్తన దాదాపు ఏడాది ముందే బహిరంగంగా పలికింది. యూనిఫారం తొడుక్కున్న మనిషి కంటే ముందు నడవదు కదా.

మందరస్థాయి

నేను బృందగానంలో పాడేవారిలో ఒకతెను కాబట్టి, నా చూపు పాడిన చరణాల కంటే పాడకుండా వదిలిన చరణాల మీద ఎక్కువగా నిలుస్తుంది. పైన చెప్పిన హోవ్ పాటలో చివరి పాదాన్ని అనేక కీర్తనల పుస్తకాలు ‘స్వతంత్రులను చేయడానికి జీవిద్దాం’ అని మార్చేశాయి. మార్పు సౌమ్యంగానే ఉంటుంది, కానీ యుద్ధంలో రాసిన పాటకు యుద్ధం లేకుండా పోతుంది.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్ కీర్తన, ‘మన దేవుడే బలమైన కోట’. దానికి మూలం బైబిలులోని నలభై ఆరవ కీర్తన: "దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు." లూథర్ పాటలో శత్రువు సాతాను. 1914లో జర్మనీ ఆ పాటను యుద్ధగీతంగా ఎత్తుకున్నప్పుడు సాతాను స్థానంలోకి ఫ్రాన్సూ ఇంగ్లండూ వచ్చి కూర్చున్నాయి. అయితే నలభై ఆరవ కీర్తన కోటతో ముగియదు. తొమ్మిదవ వచనంలో అదే దేవుడు భూదిగంతాల వరకు "యుద్ధములు మాన్పువాడు", విల్లు విరిచేవాడు, రథాలను కాల్చివేసేవాడు. ఆ వచనం లూథర్ పాటలోకి రాలేదు. దుర్గాన్ని పాడుకున్నంతగా విల్లు విరవడాన్ని కూడా నాలుగు వందల ఏళ్లపాటు పాడుకుని ఉంటే, బెర్లిను వీధుల్లో దాన్ని అంత సులువుగా ఎత్తుకోగలిగేవారా అని నాకు అనుమానం.

మరో జర్మన్ కీర్తన, ‘ఇప్పుడందరం దేవునికి కృతజ్ఞతలు చెప్పుదము’, ముప్పై ఏళ్ల యుద్ధకాలంలో మార్టిన్ రింకార్ట్ అనే పాస్టరు రాసినది. యుద్ధం, తెగులు చుట్టుముట్టిన పట్టణంలో వేల శవాలకు అంత్యక్రియలు జరిపినవాడి కృతజ్ఞత అది. 1757లో లాయిటెన్ యుద్ధం గెలిచిన సాయంత్రం ప్రష్యా సైనికులు దాన్ని పాడారు. అప్పటి నుంచి అది విజయగీతమైంది. 1914 ఆగస్టు 1న బెర్లిను రాజభవనం ముందు గుమిగూడిన జనం యుద్ధం ఇంకా మొదలు కాకముందే దాన్ని అందుకున్నారు. ఒక్క అక్షరం మారలేదు.

ఎదురుగాలి

అక్షరం మారకుండానే అర్థం తలకిందులైందని మీరే ఒప్పుకుంటున్నారు. నేను చెబుతున్నదీ అదే. ఏది పాడాలో, ఏది వదలాలో నిర్ణయించేది అధికారం. జర్మన్ సైనికుల నడుంపట్టీ కొలికి మీద ‘దేవుడు మనతో ఉన్నాడు’ అని చెక్కించినది ఏ పాస్టరూ కాదు. 1914లో జర్మనీ యుద్ధాన్ని సమర్థిస్తూ 93 మంది మేధావులు విడుదల చేసిన ప్రకటన మీద అడాల్ఫ్ ఫాన్ హార్నక్ వంటి మహా క్రైస్తవ వేదాంత పండితులు సంతకాలు పెట్టారు. తన గురువులే ఆ జాబితాలో ఉండడం చూసి స్విట్జర్లాండ్ వేదాంతి కార్ల్ బార్త్ హతాశుడయ్యాడు. గ్రంథమంతా కంఠస్థమైనవారికే తొమ్మిదవ వచనం గుర్తుకు రాకపోతే, పాటలో చేర్చి ఏం ప్రయోజనం?

పాత కాగితాలు

నిర్ణయించేది అధికారమేనన్న మాట పోలండు చరిత్ర ముందు నిలవదు. ‘పోలండును కాపాడిన దేవా’ అనే కీర్తనను అలోయిజీ ఫెలిన్‌స్కీ 1816లో రాసింది ఎవరి కోసమో తెలుసా? పోలండుకు రాజుగా కూడా ఉన్న రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ కోసం. పల్లవిలో ప్రజలు ‘మా రాజును కాపాడు ప్రభూ’ అని వేడుకోవాలి. జనం ఆ పాదాన్ని తీసేసి ‘మా స్వేచ్ఛాదేశాన్ని మాకు తిరిగి ఇయ్యి ప్రభూ’ అని పెట్టుకున్నారు. 1861లో వార్సా చర్చిల్లో అలా పాడుతుంటే చక్రవర్తి అధికారులు ఒకప్పటి చక్రవర్తి కోసం రాసిన పాటనే నిషేధించాల్సి వచ్చింది. 1918లో స్వాతంత్ర్యం వచ్చాక ‘తిరిగి ఇయ్యి’ స్థానంలో ‘ఆశీర్వదించు’ వచ్చింది. 1981 డిసెంబరులో సైనిక శాసనం విధించినప్పుడు, మళ్లీ ‘తిరిగి ఇయ్యి’ అనే పాడారు. దేశం ఉందా పోయిందా అనేది పత్రికల్లో రాయడానికి వీల్లేని రోజుల్లో ఒక క్రియాపదం ఆ సంగతి చెప్పేది. ఇక్కడ కత్తెర ఎవరి చేతిలో ఉందో చూడండి.

ఆంగ్ల సంగీతకర్త హ్యూబర్ట్ ప్యారీ ఉదంతం కూడా ఇలాంటిదే, కాకపోతే మనిషి ఒక్కడే. ఆంగ్ల కవి విలియం బ్లేక్ కవితకు ఆయన 1916లో కట్టిన ‘జెరూసలేం’ బాణీ ‘ఫైట్ ఫర్ రైట్’ అనే యుద్ధ ప్రచార ఉద్యమం కోసం. మరుసటి ఏడాది ఆ ఉద్యమం తీరు నచ్చక మద్దతు ఉపసంహరించుకున్నాడు. తరవాత ఆ పాట స్త్రీల ఓటుహక్కు ఉద్యమానికి చేరింది.

గడ్డిపువ్వు

యుద్ధంలో చనిపోయినవారి దగ్గర పలికే మాటల ప్రస్తావన ఎవరూ తేలేదు. నా దృష్టిలో జాతి తన రూపాన్ని దిద్దుకునేది కవాతులో కంటే సమాధుల దగ్గరే ఎక్కువ.

బ్రిటన్‌లోని యుద్ధ స్మారకాల మీద తరచుగా కనిపించే వచనం యోహాను సువార్తలోనిది: "తన స్నేహితులకొరకు తన ప్రాణము పెట్టువానికంటె ఎక్కువైన ప్రేమగలవాడెవడును లేడు." సువార్తలో క్రీస్తు ఈ మాటలు అన్నది తాను చంపబడబోయే ముందు. స్మారకం మీద అవి, చంపడానికి కూడా పంపబడినవారి గురించి మాట్లాడతాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ వచనం ఇచ్చే ఊరటను నేను తక్కువ చేయను. కానీ అదే వచనం మరుసటి తరం కుర్రవాడికి పిలుపులా వినిపిస్తుంది. ఊరటనూ పిలుపునూ విడదీయడానికి నాకు మార్గం తోచడం లేదు.

ప్రయత్నించినవారు మాత్రం ఉన్నారు. లండన్‌లో 1920లో నిలబడిన సెనోటాఫ్ అనే యుద్ధ స్మారకం మీద వాస్తుశిల్పి ఎడ్విన్ లట్యెన్స్ శిలువ పెట్టలేదు, ఎందుకంటే సామ్రాజ్యం కోసం చనిపోయినవారు ఒక్క మతానికి చెందినవారు కారు. మతపెద్దల్లో కొందరికి అది రుచించలేదు. యుద్ధ శ్మశానాల్లోని స్మృతిశిల కోసం రచయిత రుడ్యార్డ్ కిప్లింగ్ ఎంపిక చేసిన వాక్యం, ‘వారి పేరు ఎల్లకాలము నిలుచును’, సీరాకు కుమారుని జ్ఞానగ్రంథం అనే ప్రాచీన యూదు గ్రంథం నుంచి వచ్చింది. మూలంలో దానికి ముందు ‘వారి దేహములు సమాధానముతో పాతిపెట్టబడెను’ అని ఉంది. ఆ సగాన్ని వదిలేశారు. హిందూ, సిక్కు సైనికులను దహనం చేశారు, వేలాది మంది శరీరాలు దొరకనే లేదు. ఆ సగాన్ని చెక్కి ఉంటే అబద్ధమయ్యేది. 1915లో ఫ్రాన్సులోని లూస్ దగ్గర యుద్ధంలో చనిపోయిన కిప్లింగ్ కొడుకు దేహం కూడా ఆ తండ్రి బతికున్నంతకాలం దొరకలేదు. మందరస్థాయి గారు చెప్పిన లాంటి కత్తిరింపు ఇక్కడ నిజాయితీ కోసం జరిగింది.

నిదానం

గడ్డిపువ్వు గారి ఉదాహరణ నన్ను మన ‘వందేమాతరం’ దగ్గరికి తీసుకెళ్తోంది. దేశాన్ని దుర్గగా స్తుతించే తరవాతి చరణాలు ముస్లిములకు, మరికొందరికి అభ్యంతరకరమైనప్పుడు, 1937లో కాంగ్రెస్ కార్యవర్గం జాతీయ సభల్లో మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించింది. ఆ నిర్ణయానికి టాగూరు సలహా కూడా తోడైంది. 1950 జనవరి 24న రాజ్యాంగ సభలో రాజేంద్రప్రసాద్ ఈ గీతానికి ‘జనగణమన’తో సమాన గౌరవం ఉంటుందని ప్రకటించారు. కుదించడాన్ని ద్రోహమనేవారూ ఉన్నారు, అది చాలదనేవారూ ఉన్నారు. నాకైతే అది చర్చించి, కారణం చెప్పి, బహిరంగంగా చేసిన కత్తిరింపు. బెర్లినులో మౌనంగా మాయమైన వచనానికీ దీనికీ ఉన్న తేడాను నేను ముఖ్యంగా చూస్తాను. అందుకే మెథడిస్టులు కూడా పాటను తొలగించాలని చూడడం కంటే, అది ఎప్పుడు ఎవరి కోసం పుట్టిందో పక్కన అచ్చువేసి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఎదురుగాలి

పోలండు విషయంలో పాత కాగితాలు గారి వాదన బలమైనదే. అయితే ఆ పాటకు ఆ స్వేచ్ఛ ఉన్నది రాజ్యం దాన్ని నిషేధించినంతకాలమే. నన్ను కలవరపెట్టేది రాజ్యం పాడి తీరాలని ఆదేశించే రోజు. ఆ రోజున ఏ చరణం ఉంచారు, ఏది తీశారు అన్నది రెండో ప్రశ్న అవుతుంది. నోరు విప్పకుండా నిలబడే హక్కు ఉందా అన్నది మొదటిది.

దీనికి యుద్ధం మధ్యలోనే ఒక జవాబు వచ్చింది. జెండా వందనం విగ్రహారాధనతో సమానమని నమ్మే యెహోవా సాక్షుల పిల్లలను బడులు బలవంతం చేయవచ్చని 1940లో అమెరికా సుప్రీం కోర్టు చెప్పింది. అదే కోర్టు, దేశం రెండవ ప్రపంచయుద్ధంలో పూర్తిగా మునిగి ఉన్న 1943 జూన్‌లో ఆ తీర్పును తానే కొట్టివేసి, అలాంటి బలవంతం రాజ్యాంగ విరుద్ధమంది. మన సుప్రీం కోర్టు 1986లో, జాతీయగీతం వినిపించినప్పుడు మర్యాదగా లేచి నిలబడి, పాడనందుకు బడి నుంచి వెళ్లగొట్టబడిన కేరళలోని ముగ్గురు పిల్లల పక్షాన తీర్పునిచ్చింది. పాడి తీరాలని ఏ చట్టమూ లేదని చెప్పింది. నిదానం గారు కీర్తనల పుస్తకంలో ఏమేం అచ్చువేయాలో చెబుతున్నారు. పాడనివాణ్ణి పక్కవరస విశ్వాసి దేశద్రోహి అనకుండా ఆ పుస్తకం ఏం చేస్తుందో కూడా చెబితే, ఆ మార్పులకు నేను సంతకం పెడతాను.