పాత్రలకు గతం యాది లేని ఆట: షీట్ ఎంత దాయాలె, గతం ఎవరు రాయాలె?

పాచికలపెట్టె:
నమస్తే అన్నలూ, అక్కలూ. డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలేసుకొని కథ నడిపే పాచికల ఆట) ఐదో ఎడిషన్‌ల ఆరు సెషన్ల ఆట కడుతున్న, నడిపేది నేనే. నలుగురు ప్లేయర్లు, హన్మకొండల ఆదివారం మూడు గంటలు. కాలం 1323, జాగ ఓరుగల్లు కోట. నలుగురూ ఒక మెట్లబావి అడుగున మేలుకుంటరు, పేరు సుత యాదికుండది. క్యారెక్టర్ షీట్లు (పాత్రకు ఏమేం వస్తదో రాసుకునే కాగితాలు) మొత్తం నా దగ్గరనే పెట్టుకోవాల్నా? గతం నేను రాయాల్నా, వాళ్లతోని రాయించాల్నా? మొదటి గంట అంత "నేనెవర్ని" అనుకుంట ఒకల మొఖం ఒకలు చూస్తరేమోనని ఇంకో భయం.

కాజీపేట_ప్యాసింజర్:
మొత్తం దాయకు. గతం పోయినా చేతి పని పోదు. 1953ల మెదడు ఆపరేషన్ అయినంక హెన్రీ మొలైసన్‌కు కొత్త జ్ఞాపకాలు నిలవకుంటయినయ్. గాయనే అద్దంల చూస్కుంట నక్షత్రం బొమ్మ గీసుడు రోజురోజుకు మంచిగ నేర్సిండు, నిన్న గీసిన సంగతి మాత్రం యాదికి లేదు. మనకు కావాల్సింది పాతది మరిచే రకం, కని సూత్రం గదే.

గందుకే ఆరు ఎబిలిటీ స్కోర్లు (బలం, తెలివి అసొంటి అంకెలు), హిట్ పాయింట్లు (ఎంత దెబ్బకు ఓర్చుతదో) ముందే ఇయ్యి. 18 స్కిళ్ల గడులు ఖాళీగ ఉంచు. ఎవలన్న తాళం తీస్తనంటే డి20 (ఇరవై మొఖాల పాచిక) ఏయనీ, నీ దగ్గరున్న అసలు షీట్ చూసి ప్రొఫిషెన్సీ (ఆ పని నేర్సిన గుర్తు) ఉంటే +2 కలుపు. "తీగ ఎటు తిప్పాల్నో నీ వేళ్లకు ఎరుకున్నది" అను, ఆయన పెన్సిల్‌తోని టిక్ పెట్టుకుంటడు. ఇక్కడ దెబ్బతినేది ఒకటుంటది: ఊకెనే 18 స్కిళ్లూ వరుసబెట్టి పరీక్ష జేస్తరు. ఓడిపోతే ఏదన్న పోయే కాడనే డైస్ ఏయనియ్యి, లేకుంటే వద్దను.

విజార్డ్ (మంత్రగాడు) ఉంటే జాగ్రత్త. ఫైటర్‌కు కత్తి దొరికితే సాలు, సగం షీట్ దాసినా నడుస్తది. విజార్డ్‌కు స్పెల్‌బుక్ (మంత్రాల పుస్తకం) లేకుంటే మూడు గంటలు చేతులు కట్టుకొని కూసోవాలె. రెండు క్యాంట్రిప్‌లు (ఎన్నిసార్లయినా ఏసే చిన్న మంత్రాలు) మొదటి నుంచే ఇయ్యి, పుస్తకం రెండో సెషన్ల దొరకనియ్యి.

మట్టికోట:
మొదటి గంట సంగతి. బావి అడుగున నలుగురే ఉంటే నిజంగానే ముచ్చట్లు తప్ప ఏమీ ఉండదు. ఆట మొదలైన పదిహేను నిమిషాల్లో మెట్ల మీద కాగడా కనిపించాలి, దిగివచ్చేవాళ్లు వీళ్లనే వెతుకుతుండాలి. ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్క వస్తువు పెట్టండి: కాకతీయుల వరాహ ముద్ర ఉన్న ఉంగరం, తనది కాని నెత్తురున్న పైపంచె, అట్లాంటివి.

గతం సగం మీది, సగం వాళ్లది. ఆటకు ముందే ప్రతి ఒక్కరితో చీటీ మీద మూడు జవాబులు రాయించండి. నా పాత్ర ఎన్నడూ చేయని పని ఏది, ఎవరు లేకపోతే విలవిల్లాడుతుంది, నా కథలోకి అస్సలు రాకూడనిది ఏది. మూడోది మాత్రం వదలొద్దు.

ఇక సెషన్‌కు తలా ఒక గవ్వ ఇవ్వండి. గవ్వ కింద పెట్టినవాళ్లు ఒక జ్ఞాపకం చెప్పుకోవచ్చు, ఎడమ పక్కన కూర్చున్నవాళ్లు దానికో మెలిక పెడతారు. "ఈ కావలాయన నాకు తెలుసు." "తెలుసు, కానీ నువ్వు ఆయనకు బాకీ." వాడని గవ్వ ఆ రోజుతోనే చెల్లదు. కూడబెట్టనిస్తే ఆఖరి సెషన్‌లో అందరూ ఒక్కసారే గుమ్మరిస్తారు.

1323 ఎంచుకోవడం మంచి పని. ఒకరికి ఈ జ్ఞాపకం ఇవ్వండి: బయటి మట్టిగోడ పడింది, లోపలి రాతికోట నిలిచింది. మొన్ననే జరిగిందనుకుంటాడు. అది 1310, ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ ముట్టడి. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ కోట పట్టుకుని ప్రతాపరుద్రుణ్ణి బందీ చేసింది 1323లో. అంటే నడుమ పదమూడేళ్లు గల్లంతు. నోటితో చెప్పకండి. నీళ్లకొచ్చిన ముసలమ్మ ఊరిని ఓరుగల్లు అంటుంది, సిపాయి మాత్రం ఢిల్లీవాళ్లు గెలిచాక పెట్టిన పేరుతో సుల్తాన్‌పూర్ అంటాడు. మూడో క్లూగా నీళ్లలో నెరిసిన గడ్డం కనిపించనివ్వండి. ఒక్కో గుట్టుకు మూడు క్లూలైనా ఉండాలి, రెండు ఎట్లాగూ జారిపోతాయి. కనీసం ఒకటి డైస్‌తో పని లేకుండానే దొరకాలి.

పాచికలపెట్టె:
గవ్వలు మస్తున్నయ్. ఇంకొక్కటి. కోట తలుపు తీసిచ్చిన ద్రోహి నలుగుట్ల ఒకడు అని ఆఖరికి తేల్చాలనుకున్న. నడుస్తదా?

కాజీపేట_ప్యాసింజర్:
"తలుపు తీసింది నువ్వే" అని కార్డు మీద రాసిస్తే ఆ ప్లేయర్ మొఖం మాడిపోతది. ఆయన చెయ్యని పనికి ఆయన్నే దోషిని చేసినట్టు. ముందుగాల వాళ్ల చీటీల మొదటి జవాబు చూడు, ద్రోహం జెయ్య అని రాసినోనికి అసలే ఇయ్యకు. మిగిలినోళ్లల్ల ఒకలకు నాలుగో సెషన్‌ల గింతే రాసియ్యి: "ఆ రాత్రి తలుపు తాళంచెవి నీ చేతిల ఉన్నది. బయట ఎవరో నిన్ను పేరు పెట్టి పిలిచిన్రు." తీసిండా లేదా, ఎందుకు, ఆయననే చెప్పనీ.

మట్టికోట:
ఆ కార్డు సెషన్ చివరి పది నిమిషాల్లో ఇవ్వండి. వారం రోజులు ఆలోచించుకుని వస్తాడు.