పదకొండు రోజుల బిడ్డ పాలు తాగడం లేదు, ఒళ్లు చల్లగా ఉంది, ఆగి చూడవచ్చా?

ప్రశ్న (నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి)
మా చెల్లెలు పురిటికి మా ఇంటికి వచ్చింది. బాబు పుట్టి పదకొండు రోజులైంది. నిన్న రాత్రి నుంచి రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేస్తున్నాడు, లేపినా మత్తుగానే ఉంటున్నాడు. జ్వరం లేదు సరికదా, ఒళ్లు చల్లగా తగులుతోంది. తల వెనుక ఆవగింజంత నీటి పొక్కులు నాలుగు గుంపుగా లేచాయి. అమ్మవారు పోసిందని, వేపాకు కట్టి మూడు రోజులు చూద్దామని నానమ్మ అంటోంది. వారం కిందట బాబును ముద్దాడిన బంధువు పెదవి మీద పొక్కు ఉండడం మాత్రం నేను చూశాను. పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందేనా?

జవాబు 1 (పిల్లల వైద్యుడు, శ్రీకాకుళం)
ఇప్పుడే 108కి ఫోన్ చేసి బయలుదేరండి. దారిలో బాబును తల్లి ఒంటికి ఆనించి, పైన గుడ్డ కప్పండి. నెలలోపు పిల్లల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్ జ్వరంగానే రావాలని లేదు, ఒళ్లు చల్లబడడం కూడా అంతే ప్రమాద సూచన. మీరు చెప్పినదాన్ని బట్టి ముందుగా అనుమానించాల్సింది హెర్పిస్, అంటే పెదవి మీద అలాంటి పొక్కులు తెప్పించే వైరస్ జబ్బు. ఇది ఎక్కువగా ప్రసవ సమయంలో, తల్లికి ఏ లక్షణమూ లేకపోయినా సోకుతుంది. ముద్దు ద్వారానూ రావచ్చు. మెదడుకో కాలేయానికో పాకిన పిల్లల్లో కొంతమందికి అసలు పొక్కులే కనిపించవు కాబట్టి, మీకు అవి కనిపించడం ఒక రకంగా మేలే. ఒళ్లంతా పాకిన హెర్పిస్‌కు మందు పడకపోతే నూటికి ఎనభై మందికి పైగా చనిపోతారు. అందుకే పీసీఆర్ (వైరస్‌ను గుర్తించే పరీక్ష) ఫలితం కోసం ఆగకుండా ఎసైక్లోవిర్ అనే వైరస్ మందును కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకోసారి నరం ద్వారా మొదలుపెడతారు. చర్మానికే పరిమితమైతే 14 రోజులు, మెదడుకు పాకితే కనీసం 21 రోజులు ఇస్తారు. ఆ తర్వాత ఆరు నెలలు నోటి మందు ఉంటుంది. బాక్టీరియా జబ్బు కూడా ఇలాగే కనిపిస్తుంది గనుక యాంటీబయాటిక్స్ కూడా వేస్తారు.

జవాబు 2 (స్టాఫ్ నర్సు, విజయనగరం)
పొక్కుల మీద పసుపు గానీ వేపముద్ద గానీ రాయకండి, పరీక్షకు నమూనా తీసేది అక్కడి నుంచే. పెదవి పొక్కు సంగతి అడగకముందే చెప్పండి. మా దగ్గరికి వచ్చే కుటుంబాలు దాచేది సరిగ్గా అదే. తల్లి రొమ్ము మీద పొక్కులు లేకపోతే పాలు పట్టవచ్చు, పీల్చలేకపోతే పాలను పిండి తీసి ఎలా పట్టాలో అక్కడ చూపిస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాదిలోపు పిల్లలకు చికిత్స, రవాణా ఉచితం.

జవాబు 3 (పాలకొండ)
నానమ్మగారి మాటే నిజమై అది ఆటలమ్మే అనుకున్నా ఆగకూడదండీ. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకు తల్లికి ఆటలమ్మ పోస్తే బిడ్డకు అది ప్రాణాంతకం కావచ్చు. దానికీ ఎసైక్లోవిరే ఇస్తారు.

ప్రశ్న అడిగినవారు
శ్రీకాకుళం చేరాం, మందు మొదలుపెట్టారు. వెన్ను నుంచి నీరు తీస్తామంటే బావగారు సంతకానికి వెనకాడుతున్నారు.

జవాబు 1 రాసిన వైద్యుడు
సంతకం చేయమనండి. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటికి కింద, కాబట్టి కాళ్లు పడిపోతాయన్న భయం అక్కర్లేదు. మందు పద్నాలుగు రోజులా ఇరవై ఒక్క రోజులా అన్నది ప్రధానంగా తేల్చేది ఆ నీరే. మెదడుకు పాకి ఉంటే చివర్లో మళ్లీ తీసి చూస్తారు, అప్పటికీ వైరస్ కనిపిస్తే మందు పొడిగిస్తారు.