1641 ఐర్లండ్ దోపిడీ వాంగ్మూలాలు: ఏది నమ్మాలి, ఎలా చదవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. డబ్లిన్‌లో పీజీ చదువుతున్నాను. సెమినార్‌కి 1641 తిరుగుబాటు ఇచ్చారు. ఆ అక్టోబరులో ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్‌లో కేథలిక్కులు తిరగబడ్డాక ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న ప్రొటెస్టెంట్లు ప్రమాణం చేసి చెప్పిన వాంగ్మూలాలు చదివి, అక్కడి ఆర్మా కౌంటీ మీద పేపర్ రాయాలి. చదువుతుంటే కడుపులో దేవుతోంది. తన ఐదుగురు పిల్లల్నీ నదిలో ముంచేశారని చెప్పింది ఒకామె. క్లాసులో ఒకతనేమో ఇదంతా ఇంగ్లండ్ ప్రచారం, పట్టించుకోకు అంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరా?

జవాబు:
అమ్మా, ముందు ఆ కాగితాలు ఎందుకు పుట్టాయో చూడండి. 1641 డిసెంబరు 23న ఎనిమిది మంది ప్రొటెస్టెంట్ మతాచార్యులతో ఒక కమిషన్ వేశారు. కిల్మోర్ డీన్ (అక్కడి చర్చిలో పెద్ద మతాధికారి) హెన్రీ జోన్స్ దానికి పెద్ద. మొదట వాళ్లకు అప్పగించింది దోపిడీల లెక్క రాయడం. ఎవరికి ఎంత పోయింది, దోచిందెవరు, దోస్తూ ఏమన్నారు, ఇవీ ప్రశ్నలు. హత్యల గురించి కూడా అడగమని 1642 జనవరిలో ఆదేశాన్ని సవరించారు.

అందుకే చాలా వాంగ్మూలాల్లో ముందు ఆస్తి చిట్టా వస్తుంది. ఆవులు, గుర్రాలు, ధాన్యం, ఎండుగడ్డి, ఇంటి సామాను, కౌలు హక్కులు, జనం నుంచి రావలసిన బాకీలు, అన్నిటికీ పౌండ్లలో విలువ. విసుగు పుట్టినా ఆ చిట్టా వదలకండి. నా దృష్టిలో అసలు చరిత్ర అక్కడే ఉంది. దోచినవాళ్లని పేరు పెట్టి, ఊరు పెట్టి చెప్పారంటే వాళ్లు ముఖపరిచయం ఉన్నవాళ్లే కదా. బాకీదారుల్లో ఉన్న పేరు దోచినవాళ్లలోనూ కనబడితే అక్కడ ఆగి ఆలోచించండి. 1609 తర్వాత స్థానిక కేథలిక్కుల భూములు లాక్కుని ఇంగ్లండ్, స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్లకి కట్టబెట్టారు. ఆ పగ, అప్పుల బరువు, మతద్వేషం మూడూ ఒకే రోజున ఒకే గుమ్మం ముందుకొచ్చాయి.

ఇంకొకటి. దోచినవాళ్లు ఒంటి మీది బట్టలు కూడా ఊడలాక్కున్నారన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంది. కట్టుబట్టలతో వెళ్లిపోయారని మనం అంటామే, వీళ్లలో చాలామందికి ఆ కట్టుబట్టలు కూడా మిగల్లేదు. అక్టోబరు చివర మొదలైంది, ముందు చలికాలం. దారిలో పిల్లలు చలికి చనిపోయారని తల్లిదండ్రులు చెప్పినవి ఉన్నాయి. దోపిడీ వేరు, చావులు వేరు అని విడగొట్టి రాయకండి. దుప్పటి లాక్కోవడమే చాలామందిని చంపింది.

మరొకరి జవాబు:
పై జవాబుకి ఒక పద్ధతి కలుపుతాను. రెండు రంగుల పెన్నులు తీసుకోండి. ‘కళ్లారా చూశాను’ అన్నది ఒక రంగు, ‘నమ్మదగినవాళ్లు చెప్పగా విన్నాను’ అన్నది ఇంకో రంగు. రాసుకున్న గుమాస్తాలే ఈ తేడాని చాలాచోట్ల జాగ్రత్తగా చూపించారు.

మీ ఆర్మా నుంచే చెబుతా. విలియం క్లార్క్ అనే తోళ్లు పదునుచేసే అతను 1642 జనవరిలో వాంగ్మూలమిచ్చాడు. తనతోపాటు కనీసం వంద మందిని, ఆడా మగా పిల్లా జెల్లా, నిర్బంధించారని, డబ్బెక్కడ దాచారో చెప్పమని హింసించారని, తర్వాత పందుల్ని తోలినట్టు ఆరు మైళ్లు తోలి పోర్టడౌన్ దగ్గర బాన్ నదిలోకి తోసేశారని చెప్పాడు. 15 పౌండ్లు ఇచ్చి తాను బతికి బయటపడ్డాడు. ఇది చూసినవాడి మాట.

మీరన్న ఐదుగురు పిల్లల తల్లి ఎలిజబెత్ ప్రైస్ అయి ఉంటుంది. పిల్లల్ని పోగొట్టుకున్నదీ ఆ పోర్టడౌన్ దగ్గరే. తర్వాత ఆ నదిలో నడుము లోతు నీళ్లలో తెల్లటి ఆడమనిషి ఆకారం నిలబడి పగ, పగ అని అరవడం చూశానంది. ఆ దయ్యం మాట పట్టుకుని ఆమె చెప్పిందంతా అబద్ధమని తోసేసినవాళ్లున్నారు. అది అన్యాయం అనిపిస్తుంది నాకు. పిల్లలు పోయారన్నది ఒక సాక్ష్యం. ఆ నది ఒడ్డున ప్రాణాలతో మిగిలినవాళ్లు ఎలాంటి మానసిక స్థితిలో ఉన్నారన్నది ఇంకో సాక్ష్యం. రెండూ రాయండి, కలిపేయకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. మరి ప్రచారం అన్న మాటకి ఏం చెప్పాలి? కొన్ని చోట్ల వాక్యాలు కొట్టేసి ఉన్నాయి కూడా. అవి అబద్ధాలని తేలి కొట్టేశారా?

జవాబు:
కొట్టివేతల గురించి ముందు. అబద్ధమని తేలి కొట్టేసినవని పూర్వం కొందరు వాదించారు. తర్వాత పరిశోధనలో తేలిందేమిటంటే, నకళ్లు తీయడానికీ అచ్చుకు ఎంచడానికీ అక్కర్లేని భాగాల్ని గుమాస్తా అలా గీసి పెట్టుకున్నాడు. గీత ఉంది కాబట్టి అబద్ధం అనకండి.

ప్రచారానికి వాడుకున్న మాట మాత్రం నిజం. 1642 మార్చిలో హెన్రీ జోన్స్ కొన్ని వాంగ్మూలాలు ఏరి లండన్ పార్లమెంటు ముందు పెట్టాడు. ఆ నెలలోనే తిరుగుబాటుదార్ల భూమి 25 లక్షల ఎకరాలు పెట్టుబడిదారులకు హామీ పెట్టి యుద్ధానికి డబ్బు పోగుచేసే చట్టం వచ్చింది. ఐర్లండ్ ప్రభుత్వంలో పనిచేసిన జాన్ టెంపుల్ 1646లో మూడు లక్షల మంది పోయారని రాశాడు. అప్పటి ఐర్లండ్‌లో అంతమంది ప్రొటెస్టెంట్లే లేరు! ఇప్పటి చరిత్రకారుల్లో పలువురు అల్‌స్టర్‌లో హత్యకు గురైనవారు సుమారు 4,000 అని, చలికీ ఆకలికీ రోగాలకీ పోయినవారు ఇంకా వేలల్లో ఉంటారని అంచనా వేస్తున్నారు. గోరంతను కొండంత చేశారు, సరే. కానీ ఆ గోరంతే 4,000 ప్రాణాలు. వాడుకున్నవాడి స్వార్థానికి, చెప్పుకున్న విధవరాలిని దోషిని చేయకూడదు.

అవతలి పక్షం చావులూ పేపర్‌లో ఉండాలి. మొదటి రెండేళ్ల వాంగ్మూలాలు దాదాపు అన్నీ ప్రొటెస్టెంట్లవే. 1642 జనవరిలో ఆంట్రిమ్ కౌంటీ ఐలండ్‌మగీలో కేథలిక్ కుటుంబాలను చంపిన విషయం కావాలంటే 1650ల విచారణలు చూడాలి. అవీ అదే సేకరణలో ఉన్నాయి.

ఇంకొకరు:
మూలప్రతులు డబ్లిన్ ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో ఉన్నాయి, 31 సంపుటాలు, దాదాపు 8,000 వాంగ్మూలాలు. 2010 నుంచి స్కాన్ చేసిన పేజీ, దాని పాఠం రెండూ ఆన్‌లైన్‌లో ఉచితం. ఒకే ఊరి పేరు నాలుగైదు స్పెల్లింగులతో ఉంటుంది కాబట్టి కౌంటీతో వెతకండి. అప్పట్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాగితం మీద 1641 జనవరి అని ఉంటే మన లెక్కలో 1642 జనవరి. ఫుట్‌నోట్‌లో రెండు సంవత్సరాలూ వేయండి, లేకపోతే తిరుగుబాటు కంటే ముందే వాంగ్మూలం ఇచ్చినట్టు కనబడుతుంది.