ఒక్క జీతంతో ఇల్లు గడుస్తుందా? మా లెక్కలో ఏం తప్పిపోయింది?

పాలపిట్ట:
ఇద్దరి జీతాలు కలిపి నెలకు చేతికొచ్చేది 100 అనుకోండి. నాది 58, మా ఆయనది 42. పాపకు పది నెలలు. డేకేర్‌కు 15, ఇంటి లోన్ ఈఎంఐ 27, ఇంకా 11 ఏళ్లు కట్టాలి. పాపకు మూడేళ్లు వచ్చేదాకా ఆయన ఉద్యోగం మానేసి చూసుకుంటానంటున్నారు. 42లో డేకేర్ 15 పోతే మనకు తగ్గేది 27 మాత్రమే అని ఆయన లెక్క. ఇది సరైనదేనా?

జమాఖర్చు:
సగమే సరైనదండి. ఉద్యోగం వల్ల అయ్యే ఖర్చులు డేకేర్ ఒక్కటే కాదు. పెట్రోలు, ఆఫీసు భోజనం, అలిసిపోయి వచ్చి బయట నుంచి తెప్పించుకునే తిండి కూడా అందులోవే. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, ఆయన ఉద్యోగం లేకపోతే ఉండని ప్రతి ఖర్చు పక్కనా టిక్ పెట్టండి. అలా 5 తేలిందనుకుందాం. అప్పుడు తగ్గేది 22. ఇప్పుడు ఆయన పేస్లిప్ తీయండి. రిటైర్మెంట్ ఫండ్‌లో కంపెనీ వేసే వాటా చేతికి రాదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది 4 అయితే అసలు నష్టం 26.

కానీ మీ ఇంటికి అసలు ఇబ్బంది ఇది కాదు, ఈఎంఐ. ఇప్పుడు 100లో 27 కడుతున్నారు. రేపు 58లో 27 అంటే 46 శాతం పైనే. నా ఉద్దేశంలో 40 దాటితే ఒక్క ఆసుపత్రి బిల్లుకే ఇల్లు తలకిందులవుతుంది. వడ్డీ 8.5 శాతం అనుకుంటే, గడువు 11 నుంచి 16 ఏళ్లకు పెంచితే ఈఎంఐ 22కి దిగుతుంది, అంటే 38 శాతం. దానికి మొత్తం మీద 670 దాకా ఎక్కువ కడతారు. గడువు కదపకుండా అదే 22కి రావాలంటే ఇప్పుడే 430 దాకా అసలులో కట్టేయాలి. ఈ రెంటిలో ఏదో ఒకటి తేలాకే రాజీనామా మాట ఎత్తండి.

నిలకడ:
పై లెక్క ఇంట్లో ఉండే 26 నెలలకే సరిపోతుంది. పెద్ద నష్టం ఆ తర్వాత ఉంది. ఏటా 6 శాతం ఇంక్రిమెంట్ అనుకుంటే, రెండు ఇంక్రిమెంట్లు పోయి ఆయన మళ్లీ 42 దగ్గరే చేరేసరికి తోటివాళ్లు 47 దగ్గర ఉంటారు. నెలకు 5 తేడా 20 ఏళ్లు అలాగే ఉంటే 1200. ఇంట్లో ఉన్న కాలంలో చేతికి తగ్గేది 22 చొప్పున 572. అంటే రెట్టింపు పైనే! 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ పరిశోధనలో తేలిందీ ఇలాంటిదే: ఒకే వృత్తిలో ఉన్న స్త్రీపురుషుల జీతాల తేడా చాలావరకు మొదటి బిడ్డతోనే మొదలవుతుంది. ఇంట్లో ఉండేది నాన్నైనా ఆగిన జీతం లెక్క అదే.

అందుకే రాజీనామా కంటే ముందు జీతం లేని సెలవు అడగమనండి. సర్వీసు కొనసాగుతుందా, తిరిగొస్తే అదే గ్రేడ్ ఇస్తారా అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. అది కుదరకపోతే వారానికి ఒకరోజు పనైనా వదులుకోవద్దు. లైసెన్సులు, సర్టిఫికెట్ల గడువు మీరిపోనివ్వకండి. ఆయన పేరు మీద రిటైర్మెంట్ పొదుపు కొద్దిగానైనా సాగాలి. 8 శాతం పెరిగితే ఈ రోజు వేసిన 1, 30 ఏళ్లకు 10 అవుతుంది.

ముందుచూపు:
మానేయకముందే మూడు నెలలు 58తో బతికి చూడండి. ఆయన జీతం పడిన రోజే వేరే ఖాతాకు పంపేయండి. అందులోంచి డేకేర్, ఆయన ఆఫీసు ఖర్చులు తప్ప ఇంక దేనికీ తీయకూడదు. ఈ పరీక్ష చాలామందికి తప్పుగా పాస్ అయినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఏడాదికోసారి వచ్చే ప్రీమియంలు, బండి రిపేర్లు, ఇంటి పన్ను ఆ మూడు నెలల్లో పడకపోవచ్చు. వాటి మొత్తాన్ని 12తో భాగించి ప్రతి నెలా పక్కన పెట్టండి. మిగిలిన సొమ్ము అత్యవసర నిధికి. ఒకే జీతం ఉన్న ఇంటికి ఆరు నెలల ఖర్చు చాలదు, తొమ్మిది నుంచి పన్నెండు నెలలది ఉండాలి.

హెల్త్ ఇన్సూరెన్స్, టర్మ్ ఇన్సూరెన్స్ (మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చేది) రెండూ ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి. కంపెనీ ఇచ్చే హెల్త్ కవర్ సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది, సొంత పాలసీలో పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (ఆ ఖర్చు ఇవ్వని మొదటి కొంతకాలం) ఉండొచ్చు. టర్మ్ పాలసీ మీకొక్కరికే అనుకోకండి. ఆయనకేమైనా అయితే డేకేర్ 15 మళ్లీ మీ నెత్తినే పడుతుంది. ఆదాయం లేనివారికి పెద్ద మొత్తం కవర్ దొరకడం కష్టం.

ఇంకొక్క మాట. ఇంట్లో ఉండే మనిషి ప్రతి ఖర్చుకూ చేయి చాచి అడిగే పరిస్థితి రానివ్వకండి. జీతం జాయింట్ ఖాతాలో పడాలి, అందులోంచి ఇద్దరికీ సమానంగా సొంత ఖర్చు విడిగా వెళ్లాలి.

పాలపిట్ట:
చాలా థ్యాంక్స్ అండి. గడువు 16 ఏళ్లకు పెంచితే, ఆయన మళ్లీ చేరాక తగ్గించుకోవచ్చా?

జమాఖర్చు:
లోన్ ఒప్పందం అడ్డురాకపోతే తగ్గించుకోవచ్చు. ముందుగా కడితే పెనాల్టీ ఉందా లేదా ఇప్పుడే రాతలో తీసుకోండి. ఆయన చేరిన నెల నుంచే 22 బదులు 27 కట్టి, ఆ అదనం అసలులో జమ చేయమని రాసివ్వండి. ఆ మాట రాయకపోతే కొన్నిచోట్ల దాన్ని వచ్చే నెల ఈఎంఐ కింద సర్దేస్తారు, గడువు ఒక్క రోజు కూడా తగ్గదు. కట్టిన ప్రతిసారీ స్టేట్‌మెంట్‌లో మిగిలిన అసలు తగ్గిందో లేదో చూసుకోండి.